వావిళ్ళ వేంకటేశ్వర శాస్త్రులు: గ్రంథవిక్రయం, పాఠరక్షణం

నెల్లూరు మండలం నుండి చెన్నపురికి తరలిన వావిళ్ళ రామస్వామి శాస్త్రులు 1854లో ముద్రణాలయం నెలకొల్పి, సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలో అచ్చువేశారు. 1891లో ఆయన గతించేనాటికి కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు (1884-1956) బాలుడు. పెరిగి సంస్థ భారం వహించిన పిమ్మట కావ్య, వ్యాకరణ, పురాణాలతో ఆగక శృంగార ప్రబంధాలను సైతం ప్రకటించారు.

ముద్దుపళని రాధికాసాంత్వనం 1887లో అచ్చయినప్పుడు కొన్ని పద్యాలతో పాటు కవయిత్రి చెప్పుకొన్న వంశకథనం కూడ లోపించింది. శృంగారభీతితో పద్యాలు విడిచారనుకొన్నా, వంశకథనం విడుచుటకు ఆ కారణం చాలదు. బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి సమగ్రపాఠం సిద్ధపరచగా 1910లో వావిళ్ళవారు ముద్రించారు. 1911లో ప్రభుత్వం అశ్లీలమని ఆక్షేపించింది; పిదప నిషేధం విధించింది. శ్లీలాశ్లీలచర్చ పండితులకు వాగ్వాదమే కాని, ప్రతులు అమ్మరాని స్థితిలో పెట్టుబడి నష్టం ప్రచురణకర్తది. శాస్త్రులవారు ఆ గ్రంథాన్ని వదలుకొనలేదు. నేటి ప్రకాశం జిల్లాలోని వినోదరాయునిపాలెంలో జన్మించిన టంగుటూరి ప్రకాశం పంతులు 1946-47లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు చేసిన యత్నంతో నిషేధం తొలగింది. 1952లో, శాస్త్రులవారి జీవితకాలంలోనే, వావిళ్ళ సంస్థ రాధికాసాంత్వనాన్ని తిరిగి వెలువరించింది.