మౌలానా ఆజాద్ కోరిన సమాఖ్య

మౌలానా అబుల్ కలాం ఆజాద్ పేరు వినగానే మనకు స్వాతంత్ర్య సమరయోధుడు, దేశ తొలి విద్యామంత్రి గుర్తుకొస్తారు. కేంద్రానికి ఎంత అధికారం ఉండాలి, రాష్ట్రాలకు ఎంత ఉండాలి అన్న ప్రశ్నకు కూడా దేశ విభజనకు ముందే ఆయన ఒక జవాబు ఇచ్చారు. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఆజాద్ 1888లో మక్కాలో జన్మించి, కలకత్తాలో పెరిగారు. 1912లో అల్ హిలాల్ అనే ఉర్దూ వారపత్రికను స్థాపించి బ్రిటిష్ పాలనపై కలం ఎత్తారు. ప్రభుత్వం ఆ పత్రికను బతకనివ్వలేదు. 1916 నుంచి ఆయనను రాంచీలో నిర్బంధించింది. 1923లో, ముప్ఫై అయిదో ఏట, కాంగ్రెస్ ప్రత్యేక సమావేశానికి అధ్యక్షత వహించారు. 1940లో మళ్ళీ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 1942లో అరెస్టయి అహ్మద్‌నగర్ కోటలో ఉండగా, 1943లో భార్య జులైఖా బేగం కన్నుమూశారు. ఆఖరి చూపుకు కూడా ఆయన నోచుకోలేదు.

1946లో ముగ్గురు బ్రిటిష్ మంత్రుల బృందం ఢిల్లీకి వచ్చింది. క్యాబినెట్ మిషన్ అని మనం చదువుకున్నది దీని గురించే. కాంగ్రెస్ తరఫున చర్చల భారం ఆజాద్‌పై పడింది. దేశం మొత్తంలో అల్పసంఖ్యలో ఉన్నందువల్ల ఢిల్లీ పాలనలో తమ మాట చెల్లదేమోనని ముస్లింలలో భయం ఉంది. దీనికి ముస్లిం లీగ్ చూపిన మందు ప్రత్యేక దేశం. ఆజాద్ భయాన్ని కాదనలేదు, మందును కాదన్నారు. దేశం చీలితే మిగతా రాష్ట్రాల్లో చెదిరి ఉన్న కోట్లాది ముస్లింలు మరింత బలహీనపడతారని ఆయన హెచ్చరించారు.

1946 ఏప్రిల్ 15న ఆయన తన ఆలోచనను ప్రకటించారు. రాష్ట్రాలకు పూర్తి స్వయంపాలన ఉండాలి. అవశిష్ట అధికారాలు రాష్ట్రాలవే కావాలి. కేంద్రానికి రెండు జాబితాలుండాలి. మొదటిది తప్పనిసరి జాబితా. రెండోది ఐచ్ఛికం. అందులోని విషయాలను రాష్ట్రాలు ఇష్టపడితేనే కేంద్రానికి అప్పగిస్తాయి. ముస్లింలు అధికంగా ఉన్న రాష్ట్రాలు తమ వ్యవహారాలు తామే చూసుకుంటాయి గనుక భయం పోతుంది, దేశమూ ఒక్కటిగా నిలుస్తుంది. ఇదీ ఆయన ఆశ.

మే 16న మిషన్ ప్రకటించిన పథకం దీనికి చాలా దగ్గరగా ఉంది. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా-సమాచార సంబంధాలు, వాటికి కావలసిన నిధులు సేకరించే అధికారం మాత్రమే కేంద్రానికి ఇచ్చింది. అయితే రాష్ట్రాలను మూడు సముదాయాలుగా కూర్చింది. లీగ్, కాంగ్రెస్ రెండూ ఒప్పుకున్నట్టే కనిపించాయి గాని, సముదాయంలో చేరడం తప్పనిసరా కాదా అన్నదానిపై ఎవరి అర్థం వారిదే. అస్సాం వంటి రాష్ట్రాలకు ఇది ప్రాణసంకటమైంది. జులైలో ఆజాద్ స్థానంలో నెహ్రూ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. రాజ్యాంగ సభలో తమ చేతులు ఎవరూ కట్టలేరన్న ధోరణిలో జులై 10న బొంబాయిలో మాట్లాడారు. ఆ నెలాఖరుకు లీగ్ తన అంగీకారాన్ని వెనక్కి తీసుకుంది. ఆగస్టు 16న కలకత్తా నెత్తురోడింది.

ఆ సమయంలో అధ్యక్ష పదవి వదలడం తాను చేసిన పెద్ద పొరపాటని ఆజాద్ తర్వాత తన గ్రంథంలో రాసుకున్నారు. తప్పెవరిదన్న చర్చ చరిత్రకారుల్లో నేటికీ సాగుతోంది.

1947 జూన్ 3న విభజన ప్రకటన వచ్చింది. దానితో బలహీన కేంద్రానికి ఉన్న ప్రధాన కారణం పోయిందని రాజ్యాంగ సభ భావించింది. సంస్థానాల విలీనం, శరణార్థుల సమస్య, ప్రణాళికలు, అన్నీ బలమైన ఢిల్లీనే కోరాయి. అవశిష్ట అధికారాలు కేంద్రానికి దక్కాయి.

ఆ కేంద్రంలోనే ఆజాద్ 1958 ఫిబ్రవరి 22న మరణించేవరకు విద్యామంత్రిగా ఉన్నారు. అప్పట్లో విద్య ప్రధానంగా రాష్ట్రాల జాబితాలోది. కనుక బడుల విషయంలో ఆయన రాష్ట్రాలను శాసించలేరు. కమిషన్లు వేసి, రాష్ట్ర మంత్రులతో కూర్చుని, నిధులిచ్చి ఒప్పించవలసి వచ్చేది. విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చే యూజీసీ 1953లో ఆయన హయాంలోనే మొదలైంది.

ఎందరో ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో ఉన్న ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, 42వ రాజ్యాంగ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలోకి మార్చింది. ఇష్టపడితేనే అప్పగించాలన్న ఆజాద్ రెండో జాబితా మనకు ఇక్కడ గుర్తుకు రావాలి. కేంద్రం బలంగా ఉండాలా, రాష్ట్రాలు బలంగా ఉండాలా అని మనం వాదించుకుంటాం. తక్కువ సంఖ్యలో ఉన్నవాడికి ఈ ఇంట్లో నా మాట కూడా చెల్లుతుందన్న నమ్మకం కలిగించడం ఎలా అన్నది ఆజాద్ ఆలోచన. అధికారాలను ఎలా పంచినా, ఆ నమ్మకం లేకపోతే ఇల్లు నిలవదని 1947 మనకు చూపింది.