జేమ్స్ పార్కిన్సన్

జేమ్స్ పార్కిన్సన్ (ఏప్రిల్ 11, 1755 - డిసెంబరు 21, 1824) లండను నగరానికి చెందిన వైద్యుడు, రాజకీయ కరపత్రాల రచయిత, శిలాజ శాస్త్రజ్ఞుడు. ఈనాడు పార్కిన్సన్ వ్యాధి అని పిలవబడుతున్న వణుకుడు వాతమును 1817లో ఒక చిన్న పుస్తకములో వర్ణించాడు. చేతుల వణుకు ఎవరికైనా కనబడేదే. పార్కిన్సన్ అంతటితో ఆగక రోగుల నడకను కూడా గమనించాడు. ఈ వ్యాధిగ్రస్తులకు నడక దానంతట అది సాగదనీ, ప్రతి అడుగు మీదా మనసు నిలపవలసి వస్తుందనీ, కాలు లేవవలసిన సమయానికి లేవదనీ వ్రాశాడు. అవధానానికి, కాలానికి సంబంధించిన ఈ లోపాన్ని ప్రయోగశాలలలో కొలవడం చాలా కాలము తరువాత గానీ సాధ్యపడలేదు.

బాల్యము, విద్య

పార్కిన్సన్ లండనులోని షోర్‌డిచ్ ప్రాంతములో జన్మించాడు. తండ్రి జాన్ పార్కిన్సన్ అక్కడి హాక్స్‌టన్ స్క్వేర్‌లో మందులిచ్చే వైద్యునిగా, శస్త్రవైద్యునిగా పనిచేసేవాడు. జేమ్స్ తండ్రి వద్దనే వృత్తి నేర్చుకొని, 1776లో లండన్ హాస్పిటల్‌లో ఆరు నెలలు విద్యార్థిగా ఉన్నాడు. ఉరి వేసుకొన్న ఒక వ్యక్తిని బ్రతికించినందుకు 1777లో రాయల్ హ్యూమేన్ సొసైటీ నుండి వెండి పతకము పొందాడు. 1784లో శస్త్రవైద్యునిగా అర్హత పొందాడు. తండ్రి కూడా అదే సంవత్సరము మరణించడముతో వైద్యశాల బాధ్యత ఇతనిపై పడింది. మరుసటి సంవత్సరము ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఉపన్యాసాలకు హాజరై వాటిని సంక్షిప్త లిపిలో వ్రాసుకొన్నాడు. ఆ వ్రాతలను కుమారుడు 1833లో పుస్తకంగా ప్రచురించాడు. చూసిన దానిని, విన్న దానిని వెంటనే కాగితం మీద పెట్టడం పార్కిన్సన్‌కు మొదటి నుండి ఉన్న అలవాటని దీనినిబట్టి తెలుస్తుంది.

రాజకీయాలు

ఫ్రెంచి విప్లవ కాలములో ఆయన పార్లమెంటు సంస్కరణలను కోరే లండన్ కరెస్పాండింగ్ సొసైటీలో చేరాడు. ఓల్డ్ హ్యూబర్ట్ అనే మారుపేరుతో పేదల పక్షాన, ప్రభుత్వానికి వ్యతిరేకముగా కరపత్రాలు వ్రాశాడు. 1794లో మూడవ జార్జి రాజును విషపు బాణముతో చంపడానికి కుట్ర జరిగిందని ప్రభుత్వము ఆరోపించింది. దీనినే పాప్‌గన్ కుట్ర అంటారు. పార్కిన్సన్‌ను ప్రీవీ కౌన్సిల్ ఎదుట ప్రమాణము చేయించి ప్రశ్నించారు. నిందితులైన మిత్రుల తరఫున మాట్లాడడానికి ఆయన వెనుకాడలేదు. ఆయనపై కేసు పెట్టలేదు. ఆ తరువాత క్రమంగా రాజకీయాలకు దూరమయ్యాడు.

వైద్య గ్రంథాలు, శిలాజాలు

సామాన్య కుటుంబాలకు ఉపయోగపడే వైద్య గ్రంథాలు, రసాయన శాస్త్రముపై ఒక చేతి పుస్తకము, వాతరక్తము (గౌటు) గురించి ఒక పుస్తకము రచించాడు. కుమారుడు జాన్ 1812లో ప్రచురించిన ఉండుకపు వ్యాధి నివేదిక ఈ విషయముపై ఆంగ్లములో వెలువడిన తొలి నివేదికలలో ఒకటి.

అయితే జీవించి ఉండగా ఆయనకు పేరు తెచ్చినది శిలాజ శాస్త్రమే. 1804, 1808, 1811 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడిన ఆర్గానిక్ రిమెయిన్స్ ఆఫ్ ఎ ఫార్మర్ వరల్డ్ అనే గ్రంథము విద్వాంసుల మన్ననలు పొందింది. 1807లో జియలాజికల్ సొసైటీ ఆఫ్ లండన్‌ను స్థాపించిన పదముగ్గురిలో ఈయన ఒకరు. పార్కిన్సోనియా అనే అమ్మొనైటు ప్రజాతికి ఈయన పేరే పెట్టారు.

వణుకుడు వాతముపై వ్యాసము

1817లో, తన 62వ ఏట, యాన్ ఎస్సే ఆన్ ది షేకింగ్ పాల్సీ అనే 66 పుటల పుస్తకాన్ని ప్రచురించాడు. ఇందులో ఉన్నవి ఆరుగురు రోగుల వృత్తాంతాలు మాత్రమే. వారిలో ఇద్దరు వీధిలో ఎదురైనవారు. వారిని ఆపి వివరాలు అడిగి తెలుసుకొన్నాడు. మరొకరినైతే దూరము నుండి చూశాడే తప్ప పరీక్షించలేదు. వణుకును, తొందర నడకను పూర్వ వైద్యులు కొందరు విడివిడిగా గుర్తించారని పార్కిన్సన్ స్వయంగా పేర్కొన్నాడు. అవన్నీ ఒకే వ్యాధికి చెందిన లక్షణాలని చూపడమే ఆయన చేసిన పని.

దూరము నుండి చూసిన ఆ వ్యక్తి వృత్తాంతము చదవదగినది. ఆయన పరుగు రూపములో తప్ప కదలలేకపోయేవాడు. సేవకుడు ఎదురుగా నిలబడి ఆయన భుజాలపై చేతులు వేసి పట్టుకొనేవాడు. ఆయన మెల్లగా ముందుకు, వెనుకకు ఊగుతూ నిలకడ తెచ్చుకొన్న తరువాత మాటతో సైగ చేసి ఒక్కసారిగా పరుగు మొదలుపెట్టేవాడు. సేవకుడు పక్కకు తప్పుకొని, ముందుగా పరుగెత్తి, సుమారు ఇరవై అడుగుల తరువాత ఆయన పడిపోకుండా పట్టుకొనేవాడు. ఊగడము, సైగ, ఆపైన కదలిక - ఈ ఉపాయాన్ని వారికి ఏ వైద్యుడైనా నేర్పినట్లు పుస్తకములో లేదు.

చికిత్స విషయములో పార్కిన్సన్ చెప్పినది ఈనాడు నిలవదు. మెడ భాగము నుండి రక్తము తీయమన్నాడు. వ్యాధి మూలము వెన్నుపాము పైభాగములో ఉండవచ్చని ఊహించాడు. కానీ వ్యాధి స్వభావము తెలిసేవరకు లోపలికి మందులివ్వడము తగదని కూడా చెప్పాడు. బుద్ధికి ఏ హానీ కలగదని వ్రాయడము ఆయన చేసిన మరొక పొరపాటు. నడవడానికి అంత అవధానము కావాలని తానే గమనించిన తరువాత ఆ మాట వ్రాయడము కొంత ఆశ్చర్యము కలిగిస్తుంది.

అవధానము, కాలము: తరువాతి పరిశోధనలు

ఫ్రెంచి వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో 1870లలో ఈ వ్యాధికి పార్కిన్సన్ పేరు పెట్టాడు. రోగులందరూ వణకరని, కండరాల బలహీనత ఇందులో ముఖ్యము కాదని, కనుక వణుకుడు పక్షవాతమనడము సరికాదని ఆయన వాదన. 1960లో ఎరింగర్, హోర్నికీవిచ్ అనే పరిశోధకులు రోగుల మెదడులోని బేసల్ గాంగ్లియా భాగములో డోపమైన్ బాగా తగ్గిందని కనుగొన్నారు. డోపమైన్‌గా మారే లెవోడోపా 1967 తరువాత ప్రధాన ఔషధమయింది. ఆయుర్వేదములో కంపవాతానికి వాడే దూలగొండి గింజలలోనూ ఈ పదార్థము ఉంది. వాటి నుండి దానిని 1937లోనే మద్రాసులో వేరుచేశారు.

ఆరోగ్యవంతునికి అడుగు పొడవు, అడుగుల మధ్య వ్యవధి ఆలోచించకుండానే కుదురుతాయి. ఈ అలవాటైన పనులను నడిపే బేసల్ గాంగ్లియా దెబ్బతిన్నపుడు రోగి ఆ పనిని బుద్ధిపూర్వకముగా చేయవలసి వస్తుంది. నేలపై అడ్డగీతలు గీస్తే వీరి నడక మెరుగవుతుందని పర్డన్ మార్టిన్ 1967లో చూపాడు. పెద్ద అడుగు వేయాలని మనసులో తలచుకొన్నా అదే ఫలితము కలుగుతుందని, మరొక పని అప్పగించగానే అడుగులు తిరిగి చిన్నవవుతాయని 1996లో మోరిస్, ఐయన్సెక్ తదితరులు ప్రచురించారు. అష్టావధాని ఎనిమిది విషయాల మీద ఏకకాలములో మనసు నిలుపుతాడు. ఈ రోగికి నడక, మాట కలిస్తేనే కష్టము. అందువల్ల నడిచే రోగిని వెనుక నుండి పలకరించరాదని, ఆగిన తరువాత మాట్లాడమని కుటుంబసభ్యులకు సలహా ఇస్తారు. తాళానికి అనుగుణంగా నడిపించే శిక్షణ మేలు చేస్తుందని థాట్ బృందము కూడా 1996లోనే తెలిపింది.

కాలపు అంచనా సంగతి మరింత సూక్ష్మమైనది. 1998లో మలపాని బృందము రోగులకు 8 సెకన్లు, 21 సెకన్ల వ్యవధులను నేర్పి మరల చూపమంది. మందు వేసుకొన్నపుడు సరిగా చూపారు. మందు లేనపుడు 8 సెకన్లను ఎక్కువగా, 21 సెకన్లను తక్కువగా చూపారు. అనగా రెండు వ్యవధులు ఒకదానివైపు ఒకటి జరిగాయి. ఇది మెదడులోని కాలమానములోని లోపమా, అవధానము, జ్ఞాపకశక్తి తగ్గడము వలన కలిగినదా అన్న విషయములో శాస్త్రజ్ఞుల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. రోగులందరిలో ఒకే ఫలితము రాకపోవడము ఈ చర్చను తెగనివ్వడము లేదు.

చివరి రోజులు

1823లో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఆయనకు బంగారు పతకము బహూకరించింది. మరుసటి సంవత్సరము పక్షవాతము వచ్చి మాట పడిపోయి డిసెంబరు 21న మరణించాడు. తాను బాప్తిస్మము, వివాహము పొందిన షోర్‌డిచ్ సెయింట్ లియోనార్డ్ చర్చి ఆవరణలోనే ఆయనను ఖననము చేశారు. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్ దినముగా జరుపుతున్నారు. ఆయన రూపము ఎలా ఉండేదో తెలిపే ప్రామాణికమైన చిత్రము ఒక్కటీ లభించలేదు. ఆయనదిగా అక్కడక్కడ ముద్రితమయ్యే ఫొటోలు అదే పేరు గల వేరే వ్యక్తులవి. ఆయన మరణించేనాటికి మనుషుల ఫొటోలు తీసే విధానమే రాలేదు.