దాంతే కావ్యమును జనులకు విప్పి చెప్పిన బొకాచ్చియో

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదేని వ్రాయుమని కార్యకర్తలు కోరినపుడు, మిత్రులు కొందరు పోతనామాత్యుని గూర్చి వ్రాయుమనిరి. పోతనను గూర్చి చెప్పదగిన పెద్దలు మన సిద్దిపేట ప్రాంతమున పెక్కురు కలరు. కావున ఆరువందల యేబది యేండ్లకు పూర్వము ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున, ఒక మహాకావ్యమును పండిత భాష రాని సామాన్యులకు విప్పి చెప్ప బూనుకొనిన జియోవన్ని బొకాచ్చియో చరిత్రమును పాఠక మహాశయుల ముందుంచుచున్నాను. లెక్కలు వ్రాసి జీవించు నాకు ఆయనయందు కొంత చుట్టరికము కూడ కలదు.

బొకాచ్చియో 1313లో జన్మించెను. అప్పటికి మన ఓరుగల్లున ప్రతాపరుద్రుడు రాజ్యమేలుచుండెను. ఆ బాలునకు పదియేండ్లు నిండు తరికి, 1323లో, ఓరుగల్లు పతనమయ్యెను. తండ్రి బొకాచ్చీనో వర్తకుడు. బార్డీ యను గొప్ప సాహుకారుల కొఠీలో పనిచేసినవాడు. ఆయన కుమారుని 1327 ప్రాంతమున నేపుల్సు నగరమునకు గొనిపోయి, ఆరేండ్లు చిట్టా ఆవర్జాల నడుమ కూర్చుండబెట్టెను. ఆ విద్య కుఱ్ఱవానికి అబ్బలేదు. పిదప ఆరేండ్లు మతధర్మశాస్త్రము చదివించెను. అదియు అంటలేదు. ఈ పండ్రెండేండ్లును వ్యర్థమయ్యెనని బొకాచ్చియో వార్ధక్యమున సైతము చింతించెను. ఈ విషయమున నేను ఆయనతో ఏకీభవింపజాలను. కొఠీ గడపలో కూర్చున్నవానికి నావికుడు, బేహారి, అప్పులవాడు, మోసగాడు, మోసపోయినవాడు, అందఱును ఎదురగుదురు. ఆయన కథలలో ఆ జనమంతయు నడయాడుచుండుట చూచిన యెవరికైనను ఆ కాలము వృథాపోలేదని తోచకమానదు.

నేపుల్సున రాబర్టు రాజునకు మంచి పుస్తకభాండారముండెను. బొకాచ్చియో అచట చదువుకొనెను. ఆ రోజులలోనే జియోత్తో యను చిత్రకారుడు ఆ రాజు కొలువున పనిచేసెను. ఈయనను గూర్చి ఒక మాట చెప్పవలెను. మన చేర్యాల నకాశీవారు పొడవైన బట్టపై గడులు గడులుగా పురాణకథను చిత్రింపగా, కథకుడు దానిని విప్పుచు చెప్పుట మనమెఱుగుదుము. జియోత్తో పాదువా పట్టణమున ఒక చిన్న ప్రార్థనాలయపు గోడలపై 1305 ప్రాంతమున క్రీస్తు కథను అటులనే వరుసలు వరుసలుగా వ్రాసెను. మనవారి పటమున వెనుకభాగము ఎఱుపు, ఆయనకు నీలము. అంతకుముందటి బొమ్మలు బిగుసుకొని నిలిచియుండగా, ఈయన బొమ్మలు ఏడ్చును, ఒకరినొకరు కౌగిలించుకొనును. మరుగుపడిన చిత్రకళను వెలుగులోనికి తెచ్చినవాడని బొకాచ్చియో తన కథలలో ఆయనను కొనియాడెను.

ఇక దాంతే మాట. 1265లో ఫ్లారెన్సున పుట్టిన ఈ మహాకవి, రాజకీయ కక్షలచే 1302లో వెడలగొట్టబడి, తిరిగి తన ఊరి మొగము చూడకయే 1321లో రవెన్నా పట్టణమున మరణించెను. ఆ ప్రవాసముననే నూఱు సర్గల మహాకావ్యమును రచించెను. వర్జిల్ అను ప్రాచీన కవి దారి చూపగా కవి నరకమును, పాపశుద్ధి పర్వతమును దాటి, బియాత్రిచే యను పుణ్యాంగన వెంట స్వర్గమునకేగుట అందలి యితివృత్తము. పండితుల లాటినును కాదని దానిని ఇంటిలో తల్లులు మాటలాడు తస్కను భాషలో వ్రాసెను. పాల్కురికి సోమనాథుడు మార్గకవితను విడిచి జానుతెనుగున ద్విపదను చేపట్టిన సాహసము వంటిదే యిది.

బొకాచ్చియో ఈ కావ్యమును ప్రాణప్రదముగా చూచుకొనెను. 1348లో మహమ్మారి ఫ్లారెన్సును ఊడ్చివేసినపుడు ఆయన సవతితల్లి పోయెను. తండ్రియు అనతికాలమున గతించెను. ఆ విషాదమున నుండియే పదిమంది యువజనులు పది దినములలో చెప్పుకొనిన నూఱు కథల డెకమెరాన్ పుట్టెను. 1350లో నగరమందలి ఒక ధర్మసంఘమువారు దాంతే కుమార్తెకిమ్మని పది బంగారు నాణెములను ఈయన చేతికిచ్చి పంపిరి. ఆమె రవెన్నాలో సన్యాసిని. తండ్రిని తరిమిన ఊరు ఆయన గతించిన యిరువదితొమ్మిదేండ్లకు కూతునకు పంపినది పది నాణెములు! తరువాత బొకాచ్చియో దాంతే జీవితచరిత్రను రచించెను. కావ్యమును స్వహస్తముతో ప్రతులు వ్రాసెను. వానిలో మూడు నేటికిని నిలిచియున్నవి. పదునాలుగువేలకు పైబడిన పాదములను మూడుమారులు వ్రాయుట యెంత శ్రమయో, ఒక్క ఖాతాపుస్తకమును తిరగవ్రాసినవానికి తెలియును.

1362లో ఒక విపత్తు వచ్చెను. మృతి చెందిన యొక సాధువు నీకు చావు దగ్గఱపడినది, కవిత్వము మానుమని హెచ్చరించినట్లు ఒకడు వచ్చి చెప్పెను. బొకాచ్చియో భీతిల్లి గ్రంథములను విడనాడ నిశ్చయించుకొనెను. మిత్రుడైన పెట్రార్కు మహాకవి, భక్తికి విద్య అడ్డురాదనియు, తప్పక అమ్మదలచినచో తానే కొందుననియు ఓదార్చి జాబు వ్రాయగా ఆ సంకల్పము విరమించుకొనెను. ఆ జాబు రాకయున్నచో ఏమి పోయెడిదో ఊహించుటకే మనసొప్పదు.

1373లో ఫ్లారెన్సు పౌరులు కొందఱు దాంతే కావ్యమును అందఱకు బహిరంగముగా చదివి వివరింపజేయుడని ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనిరి. సంవత్సరమునకు నూఱు బంగారు నాణెముల జీతముపై బొకాచ్చియో నియమితుడయ్యెను. అక్టోబరు 23వ తేదీన శాన్ స్తెఫానో ఆలయమున కాలక్షేపము ఆరంభమయ్యెను. రచ్చబండపై పురాణము చెప్పు శాస్త్రిగారి వలెనే, ముందు పదముల యర్థము, పిదప కథ, ఆ మీదట అంతరార్థము. దాంతేను వెడలగొట్టిన ఊరిలోనే, ఆయన నరకమున పడవేసిన పెద్దల వంశీకులుండిన ఊరిలోనే ఇది జరిగెనని మఱవరాదు.

పండితులు ఊరకుండలేదు. సరస్వతిని సంతలో నిలిపితివని నిందించిరి. వ్యాధిపీడితుడైన ఆ వృద్ధుడు ఆ నిందకు క్రుంగి, తాను చేసినది తప్పేయని పద్యములు వ్రాసికొనెను. ఆయన పశ్చాత్తాపమును నేను గౌరవింతును గాని సమ్మతింపను. దాంతే ఆ భాషను ఎన్నుకొనినదే ఆ సంతలోని వారి కొఱకు. 1374 ఆరంభమున, నరకఖండము పదునేడవ సర్గ మొదటికి వచ్చుసరికి, అనారోగ్యముచే ప్రసంగములు ఆగిపోయెను. ఆ యేడే పెట్రార్కు గతించెను. చలిరాత్రులలో చదువుకొనునపుడు తొడుగుకొనుటకు ఒక అంగీ కుట్టించుకొమ్మని మరణశాసనమున ఆయన మిత్రునకు ఏబది నాణెములు విడిచెను.

ఆ అంగీని బొకాచ్చియో ఎక్కువ కాలము తొడుగలేదు. 1375 డిసెంబరు 21న చెర్తాల్దో గ్రామమున కన్నుమూసెను. తన పుస్తకములను మార్తీనో యను సన్యాసికి వ్రాసియిచ్చి, ప్రతి తీసికొనగోరిన వారికి అడ్డుచెప్పరాదని నిబంధన పెట్టెను. సన్యాసి అనంతరము అవి ఫ్లారెన్సులోని శాంతో స్పిరితో మఠమునకు చేరినవి. కొన్నేండ్లకు నికొలో నికోలీ యను పుస్తకప్రియుడు వానికి తన సొంత ధనముతో బీరువాలు చేయించెను.