కలియుగ భీముడు కోడి రామమూర్తి

పిల్లలూ! ఒక్క నెలలో కండలు రావాలంటే ఏ పొడి తాగాలని మొన్న మన బడిలో తొమ్మిదో తరగతి అబ్బాయి నన్ను అడిగాడు. వాడి కోసమే ఈ జీవితకథ.

కోడి రామమూర్తి నాయుడు గారు 1882లో శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో పినతండ్రి గారింట పెరిగారు. కుర్రతనం నుంచే అక్కడ కసరత్తు, కుస్తీ నేర్చుకున్నారు. మద్రాసులో శిక్షణ పొంది వ్యాయామ ఉపాధ్యాయులయ్యారు. తర్వాత సర్కసు పెట్టి ఊరూరా తిరిగారు. ఛాతీ మీద ఏనుగును నిలుపుకున్నారు. ఉక్కు గొలుసులు తెంచారు. రెండు కార్లను కదలకుండా పట్టి ఆపారు. జనం కలియుగ భీముడని పిలుచుకున్నారు.

అది నెలలో వచ్చిన బలం కాదు, ఏళ్ల సాధన. పైగా అందరి దేహమూ ఒక్కలా ఉండదు. కసరత్తు మొదలుపెట్టిన కొన్ని వారాలకే బలం పెరిగినట్టు తెలుస్తుంది కానీ, కండ కనబడటానికి నెలలు పడుతుంది. దానికి పప్పు, పాలు, కంటి నిండా నిద్ర కావాలి.

అంతటి భీముడికీ చివరి రోజుల్లో కాలు తీసేయవలసి వచ్చింది. 1942లో మన పక్క రాష్ట్రం ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు.

సర్కసు డేరాలాగే మనమూ ఒకచోట ఉండం. నాన్నకో అమ్మకో బదిలీ అయితే బడి మారుతుంది, నేస్తాలు మారతారు. దండీలు, బస్కీలు మాత్రం బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లోనైనా, రేపు వెళ్లబోయే ఊళ్లోనైనా తీయవచ్చు. ఆ అబ్బాయి రోజుకు పది బస్కీలతో మొదలుపెట్టాడు. అద్దం మాత్రం ఏడాది తర్వాత చూసుకోమన్నాను.