పత్తికొండలో ఆగిన పయనం

పలాయనవాదమనే మాట మన సాహిత్య విమర్శలో చాలాకాలంగా నిందావాచకంగానే వాడుకలో ఉన్నది. కర్తవ్యాన్ని విడిచి ఊహాలోకంలో తలదాచుకొనేవాడని దాని తాత్పర్యం. అయితే పారిపోవడం వేరు, గడియసేపు ప్రక్కకు తొలగి మరల పనిలోకి రావడం వేరు. ఎమ్మిగనూరు మగ్గం మీద కూనిరాగం తీసే నేతగాడు, ఆదోని సంతలో పత్తి ధర పడిపోయిన సాయంకాలం సినిమాకు వెళ్ళే రైతు, పాఠ్యపుస్తకం చాటున నవల దాచుకొనే విద్యార్థి - వీరందరినీ ఒకే గాటన కట్టి పలాయనవాదులనడం న్యాయమా? ఈ ప్రశ్నకు మన పత్తికొండ గడ్డ మీద కన్నుమూసిన సర్ థామస్ మన్రో జీవితం కొంత వెలుగు చూపుతుంది.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అమెరికాతో వ్యాపారం చేసే వర్తకుడు. బాల్యంలోనే వినికిడి కొంత మందగించడంతో పుస్తకాలు ఆయనకు ఆప్తమిత్రులైనవి. డాన్ క్విక్సోట్ కథను మూలంలోనే చదవాలన్న కోరికతో నిఘంటువును, వ్యాకరణాన్ని ముందుంచుకొని స్పానిష్ భాషను స్వయంకృషితో నేర్చుకున్నాడు. వీరగాథలు చదివి చదివి మతి చలించి ఇల్లు విడిచిన వ్యక్తి కథ అది! చదివిన బాలుడు మాత్రం మతి చెడక, వర్తకుల కచేరీలో లెక్కలు వ్రాసే పనిలో కుదిరాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వల్ల తండ్రి వ్యాపారం కూలిపోయింది. 1780లో మన్రో ఈస్టిండియా కంపెనీ సేనలో చేరి మద్రాసు రేవులో దిగాడు.

యుద్ధాల నడుమ దొరికిన తీరికలో ఆయన హిందూస్తానీ, పారశీక భాషలను అభ్యసించాడు. మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులకు ఒక విశేషం చెప్పాలి. షేక్‌స్పియర్ నాటకంలోని షైలాక్ కథను పోలిన కథ ఒకటి పారశీక వ్రాతప్రతిలో కనిపించగా మన్రో దానిని ఇంగ్లీషులోకి అనువదించాడు. షేక్‌స్పియర్ రచనల పరిష్కర్త మలోన్ దానిని తన ప్రచురణలో చేర్చుకున్నాడు.

1800లో నిజాం ప్రభువు కంపెనీకి వదలిన దత్తమండలాలకు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. ఏడేండ్లు ఇక్కడ ఉన్నాడు. అందులో అధికభాగం గుడారాలలోనే గడిచింది. సుమారు 80 మంది పాలెగాండ్రను అణచాడు. పొలం పొలం కొలిపించి రైతువారీ పద్ధతిని నెలకొల్పాడు. పాలెగాండ్ర పట్ల ఆయన చూపిన కాఠిన్యాన్ని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. ఆయన పరప్రభుత్వపు ఉద్యోగి అన్న సంగతి మనం మరువరాదు. అయినా శిస్తు అధికంగా ఉన్నదని గ్రహించి, నాలుగవ వంతు తగ్గించాలని 1807లో సిఫారసు చేసినవాడూ ఆయనే. అది అప్పుడు చెల్లలేదు. తాను గవర్నరైన పిదప ఆయనే అమలు జరిపాడు.

ఈ సంవత్సరాలన్నింటా ఆయన మనస్సుకు ఒక చాటుదారి ఉండేది. గ్లాస్గో శివార్లలో నార్త్‌సైడ్ అనే చోట కెల్విన్ నది ఒడ్డున బాల్యంలో ఆడుకున్న తావులను తలచుకుంటూ సోదరికి ఉత్తరాలు వ్రాసేవాడు. ఎఱ్ఱటి ఎండలో జమాబందీ లెక్కలు ముగించి, కళ్ళు మూసుకుంటే ఆ నీటి చప్పుడు వినబడేది కాబోలు! దానివల్ల లెక్కలు ఆగినట్లు ఎక్కడా కనబడదు.

సెలవుపై స్వదేశం చేరి 1808లో ఆయన ఆ నది ఒడ్డుకు నిజంగానే వెళ్ళాడు. జోరున వాన. ఎండుటాకులు రాలుతున్నాయి. ఆనకట్టపై నుండి దుముకుతున్న నీటిని చూస్తూ గంటకు పైగా నిలబడిపోయాడు. నీటి చప్పుడు పూర్వం వలెనే ఉన్నది. కాని అవతలి ఒడ్డున ఎవరో కొత్తగా ఒక చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటితో చాలావరకు కల చెదిరిపోయింది. ఇరువది ఎనిమిదేండ్లు గుడారంలో చెదరని కల, కాలు మోపగానే చెదిరినదన్నమాట.

1814లో ఆయన మరల ఈ దేశానికి వచ్చాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. పదవి విడిచి వెళ్ళాలని కోరినా బర్మా యుద్ధం అడ్డువచ్చింది. జబ్బుపడిన చిన్న కుమారునితో భార్య 1826లో ముందే స్వదేశానికి వెళ్ళింది. తిరుగు ప్రయాణానికి అన్నీ సిద్ధమైన వేళ, ఓడ ఎక్కక, దత్తమండలాలను కడసారి చూడాలని 1827 మే నెలాఖరున బయలుదేరాడు. దారిలో వెంట ఉన్న పటాలానికి కలరా సోకింది. జూలై 6న పత్తికొండ విడిదిలో ఆయనకూ సోకింది. ఆ రాత్రే మరణించాడు. గుత్తిలో ఖననం చేశారు; 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ మేరీ చర్చికి తరలించారు.

మంత్రాలయ రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించారనీ, గండి కొండల నడుమ బంగారు తోరణం కంటబడిందనీ మన ప్రాంతంలో కథలు చెప్పుకుంటారు. కొందరు మాండవ్య ఋషి అన్నారు. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారూ ఉన్నారు. కరువు సీమ ప్రజలు అల్లుకున్న కలలివి.

పత్తికొండలో ఆయన గుడారం వేసిన చోట ప్రభుత్వం చింతతోపు నాటించి, బాటసారుల కొరకు ఒక మెట్లబావిని త్రవ్వించింది.