డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఆంధ్రదేశమున పుట్టి, పరదేశమున పనిచేసి, లోకమునకెల్ల మందులనిచ్చిన మహనీయులు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యమున బీదరికము వారిని వెన్నాడెను. సోదరులిద్దరు సంగ్రహణి వ్యాధిచే మరణించిరి. ఆ వ్యాధియే సుబ్బారావుగారిని కూడ పీడింపగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే స్వస్థులైరి.

మదరాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించినందున వారు ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి. ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, దానికి దిగువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిమ్మట అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. అచట హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో సామాన్యమైన కొలువు చేసి పొట్టపోసికొనిరి. 1925లో ఫిస్కేగారితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కండరముల శక్తికి మూలమైన పదార్థములను గూర్చియు గొప్ప పరిశోధనలు గావించిరి.

1940లో వారు లెడర్లీ ప్రయోగశాలలో చేరిరి. వారి నాయకత్వమున పరిశోధకులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. రక్తవృద్ధికి అవసరమైన ఈ విటమిను, సోదరులను బలిగొన్న సంగ్రహణికిని మందయ్యెను. సికిల్‌సెల్ వ్యాధిగల మన విదర్భ బిడ్డలకు వైద్యులిచ్చు చిన్నమాత్ర ఇదియే. 1947లో వెలువడిన బోదకాలు మందు కూడ వారి ప్రయోగశాలదే. మన చంద్రపురము జిల్లాలో ఆ వ్యాధి నివారణకై ఇంటింట పంచిపెట్టిన డి.ఇ.సి. మాత్ర అదియే.

ఫోలిక్ ఆమ్లము పనిని అడ్డగించు మందులను సైతము వారి బృందము సృష్టించెను. అందొక దానితో 1947లో ఫార్బరుగారు బోస్టనులో రక్తక్యాన్సరుగల పిల్లలకు చికిత్స ప్రారంభించిరి. ఆ కోవకు చెందినదే మెథోట్రెక్సేట్. స్వదేశమునకు మరల రాకయే, 1948 ఆగస్టులో, 53 యేండ్ల వయసున సుబ్బారావుగారు అమెరికాలో కన్నుమూసిరి. 1995లో భారత తపాలాశాఖ వారి స్మారకముగా బిళ్ళను వెలువరించెను.

వారి మందులు నేటికిని ప్రాణములను నిలుపుచున్నవి. కాని మందు ఎంత గొప్పదైనను, వాడుక తప్పినచో విషమగును. మెథోట్రెక్సేటును కీళ్ళవాతమునకు వారమునకొక్కసారి మాత్రమే వాడవలెను. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ఎముకలలోని మూలుగ చెడి, రక్తకణములు క్షీణించి, ప్రాణమునకే ముప్పు వచ్చును. దాని కీడును తగ్గించుటకు మిగిలిన దినములలో ఇచ్చునది ఫోలిక్ ఆమ్లమే. రెండును తరచుగా చిన్న పసుపుపచ్చని మాత్రలగుటచే, ఒకటనుకొని మరియొకటి మ్రింగు ప్రమాదము కలదు.

ఈ ప్రమాదమును ఆసుపత్రిలో కనిపెట్టి ఆపువాడు ఫార్మసిస్టు. మన పెద్దలు కాంపౌండరు అని పిలుచునది ఇతనినే. ఇతడు కేవలము మందులు లెక్కపెట్టి ఇచ్చువాడు కాడు. వైద్యుని చీటిలోని మోతాదును, దినమును, రోగి వాడుచున్న ఇతర ఔషధములను సరిచూచును. మెథోట్రెక్సేటుతో కో-ట్రైమాక్సజోల్ కలిసినచో కీడు హెచ్చునని ఎరిగి, మందీయకముందే వైద్యునితో సంప్రదించును. ఏ దినమున మ్రింగవలెనో పొట్లముపై వ్రాయును.

ఐనను ఆ వ్రాత రోగికి తెలియవలెను గదా! ఇచటి ఫార్మసిస్టు గురువారమనగా, తెలుగింటి అవ్వకు బేస్తవారమన్ననే బోధపడును. తల్లిదండ్రులారా, సందేహము కలిగినచో ఫార్మసిస్టును అడుగుటకు సంకోచింపకుడు. ఇంట వాడు మందులన్నియు అతనికి చూపుడు. బాలబాలికలారా, మరాఠీయు తెలుగును నేర్చిన మీరు ఆ పొట్లముపై వ్రాతను పెద్దలకు చదివి వినిపింపుడు. మందు దినమును క్యాలెండరుపై గుర్తింపుడు. సుబ్బారావుగారు జీవితమంతయు ధారపోసి సాధించిన మందు మన ఇంట మేలు చేయుటకు ఈ చిన్న శ్రద్ధ చాలును.