ఏ.ఎస్. రావు నగర్ వెనకున్న మనిషి

మాది టేకుమట్ల. హైదరాబాద్‌లో సిటీ బస్సు మీద ఏ.ఎస్. రావు నగర్ అని చూసి, ఎవరో రియల్ ఎస్టేట్ ఆయన పేరేమో అనుకునేదాన్ని. కాదు ఫ్రెండ్స్!

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో, ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీలో చదువుకుని, 1946లో టాటా స్కాలర్‌షిప్‌తో స్టాన్‌ఫర్డ్ వెళ్లారు. అప్పట్లో రేడియో సిగ్నల్ బలం పెంచాలంటే వాక్యూమ్ ట్యూబులే. ఫిలమెంట్ వేడెక్కాలి, వందల వోల్టులు కావాలి. 1947 చివర్లో ట్రాన్సిస్టర్ వచ్చింది. వచ్చిన చిన్న సిగ్నల్ ఎలా ఆడిస్తే అలా బ్యాటరీ కరెంటును ఆడించి, పెద్ద సిగ్నల్ చేస్తుంది. మన ఫోన్‌లోని పవర్ యాంప్లిఫయర్ కూడా ఇదే పని చేసి, మన మాటను టవర్ దాకా పంపుతుంది. ఖర్చయిన కరెంటులో మిగిలింది వేడి అవుతుంది.

రావు గారు తిరిగొచ్చి భాభా గారి దగ్గర చేరారు. 1956లో మొదలైన అప్సర రియాక్టర్‌కి కంట్రోల్ పరికరాలు ఆయన టీమే ఇక్కడ తయారు చేసింది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టి నడిపించారు. అక్కడినుంచి సాలిడ్ స్టేట్ టీవీలు, కంప్యూటర్లు వచ్చాయి. 2003లో కన్నుమూశారు.

కోడ్ రాయడం మనకొచ్చు. ఆ కోడ్ నడిచే చిప్ మాత్రం ఇంకా ఎక్కువగా బయటినుంచే వస్తోంది. ఆయన మొదలుపెట్టిన పనిలో మన వంతు ఇంకా మిగిలే ఉంది.